కొండ దిగేటప్పుడు బ్రేకు మాట వినాలంటే



గత సంచికలో గ్యాస్ పొయ్యి గొట్టం గురించి రాసిన తరువాత ఒక సోదరి వద్దనుండి ఉత్తరం వచ్చింది. "మా వారు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెట్రోలు కలిసివస్తుందని కారును న్యూట్రల్‌లో వేసి వదిలేస్తారు. ఒక్కోసారి ఇంజను కూడా ఆపేస్తారు. దిగేదాకా నా ప్రాణం గుప్పిట్లో ఉంటుంది. ఏమైనా అంటే, బ్రేకు ఉంది కదా, భయమెందుకు అంటారు. మీరైనా ఒక మాట రాయండి" అని ఆమె కోరారు.

రాయాలని కూర్చున్నాము గానీ, ఆ సోదరునికి బోధించే ముందు మా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. "బ్రేకు ఉంది కదా" అనే మాట మేము కూడా చాలా ఏళ్లు అన్నవాళ్లమే.

2018 జనవరిలో, సంక్రాంతి సెలవులకు, కుటుంబంతో అరకు వెళ్లాము. మా చిన్న కారు అప్పటికి ఆరేళ్లది. సెకండ్ హ్యాండ్‌లో కొని మూడేళ్లయింది. మేము, మా ఇంటివారు, ఇద్దరు పిల్లలు, అత్తగారు, వెనుక డిక్కీ నిండా బట్టల సంచులు, అరకులో కొన్న పసుపు, కాఫీ పొడి. బొర్రా గుహలు చూసుకొని సాయంత్రం నాలుగు దాటాక తిరుగు ప్రయాణమయ్యాము. అనంతగిరి దాటాక రోడ్డు మలుపు మీద మలుపుగా శృంగవరపుకోట వైపు దిగుతుంది. కారు దానంతట అదే పరుగెడుతోంది గనుక మేము నాలుగో గేరులోనే ఉంచి, బ్రేకు పెడల్ మీద కాలు తీయకుండా, మెత్తగా నొక్కి పట్టుకొని దిగుతూ వచ్చాము. అది చాలా జాగ్రత్తైన డ్రైవింగ్ అని మా నమ్మకం. కుదుపు లేదు, వేగం లేదు, వెనుక పిల్లలు పాటలు పాడుకుంటున్నారు.

కొంత దూరం వచ్చాక అత్తగారు, "ఏదో కాలిన వాసన వస్తోంది బాబూ" అన్నారు. అడవిలో ఎవరో ఆకులు తగలబెడుతున్నారేమో అన్నాము. ఆ వాసన మా చక్రాలదే.

మరి రెండు మలుపులు దాటాము. మూడో మలుపు ముందు పెడల్ నొక్కితే, కాలు ముద్దపప్పులో వేసినట్లు లోపలికి దిగిపోయింది. కారు మాత్రం నెమ్మదించలేదు. ఎదురుగా రాతి గోడ, దాని అవతల లోయ. గబగబా నాలుగైదుసార్లు తొక్కితే కొద్దిగా పట్టు దొరికింది. ఆ కాస్త పట్టులో మూడో గేరు, వెంటనే రెండో గేరు వేశాము. ఇంజను పెద్దగా అరిచింది. హ్యాండ్ బ్రేకు బొత్తాన్ని వేలితో నొక్కి ఉంచి, ఒక్కసారిగా గుంజకుండా కొంచెం కొంచెంగా లాగాము. మలుపు తిరిగాక కొండవైపు కాలువలోకి ఎడమ చక్రం దించితే కారు మట్టిని రాసుకుంటూ ఆగింది. పిల్లలకు ఏమీ తెలియలేదు. మా ఇంటివారు మాత్రం మా కాలు పైకీ కిందికీ ఆడటం చూశారు. ఆమె ఆ క్షణాన ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక కూడా రెండు రోజులు ఆ మాట ఎత్తలేదు.

వెనుక వస్తున్న లారీ ఒకటి ఆగింది. పెద్దవయసు డ్రైవరు దిగి, ముందు చక్రానికి అడ్డంగా రాయి పెట్టించాడు. మా అబ్బాయి సీసాలో నీళ్లు తెచ్చి పొగలు కక్కుతున్న చక్రం మీద పోయబోతే ఆయన చెయ్యి పట్టుకొని ఆపాడు. కాలిన ఇనుము మీద చన్నీళ్లు పడితే వంకర పోతుంది, పగిలినా పగులుతుంది అన్నాడు. "ఒక గంట వదిలేయండి, దానంతట అదే చల్లారుతుంది" అన్నాడు.

గంట తరువాత తొక్కి చూస్తే పెడల్ రాయిలా గట్టిగా ఉంది! ఏమీ జరగనట్లే ఉంది. "బాగానే ఉంది, ఇక పోవచ్చు" అన్నాము. ఆయన నవ్వి, "ఇప్పుడు బాగానే ఉంటుందండీ. మళ్లీ కాలితే మళ్లీ పోతుంది. ఏ గేరులో ఈ కొండ ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి" అన్నాడు. డ్రైవింగ్ లైసెన్సు చేతికి వచ్చిన పదిహేను ఏళ్లలో ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు, లేదా చెప్పినా మేము వినలేదు. మొదటి గేరులో, రెండో గేరులో, ఎడ్లబండిలా దిగి శృంగవరపుకోట చేరేసరికి చీకటి పడింది.

మరునాడు అక్కడి మెకానిక్ బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, మమ్మల్ని వంగి చూడమన్నాడు. కొత్త బ్రేక్ ఆయిల్ లేత తేనె రంగులో, అవతలి వస్తువు కనిపించేంత తేటగా ఉంటుంది. మా డబ్బాలో ఉన్నది కాఫీ డికాక్షన్. "ఇది ఎప్పుడు మార్చారండీ?" అని అడిగాడు. డాష్‌బోర్డు అరలోనుండి సర్వీసు బిల్లులు తీశాము. మూడు బిల్లులున్నాయి. మూడింటిలోనూ బ్రేకుల దగ్గర టిక్కు ఉంది. ఆయిల్ మార్చినట్లు ఒక్కదానిలోనూ లేదు. ఆ షాపువారిని అని ఏం లాభం? మేము అడగనూ లేదు. ఆ మూడేళ్లలో సీట్ల కవర్లు రెండుసార్లు మార్చాము, పాటల పెట్టె కొత్తది పెట్టించాము. కారు ఫ్యాక్టరీ నుండి వచ్చిన నాడు పోసిన బ్రేక్ ఆయిలే ఆరేళ్లుగా అందులో ఉందేమోనని ఆ మెకానిక్ అనుమానం.

ఆ తరువాత ఈ విషయాన్ని కాస్త శ్రద్ధగా చదివి, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నాము. ఇంటి పెద్దలకు, ముఖ్యంగా కారు నడపకపోయినా అందులో కూర్చునే సోదరీమణులకు, పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాము.

బ్రేకు కారును ఆపుతుందని అంటాము గానీ, నిజానికి అది చేసేది కారు పరుగును వేడిగా మార్చడమే. చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లేన్ని రెండు ప్యాడ్లు ఇరువైపులా అదుముతాయి. రాపిడికి వేడి పుడుతుంది, ఆ వేడి గాలిలో కలుస్తుంది. చాలా కార్లలో వెనుక చక్రాలకు పళ్లెం బదులు డ్రమ్ము, దాని లోపల షూలు ఉంటాయి. పని అదే. వేగం రెట్టింపైతే ఈ వేడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల మీద ఆపడం 40 మీద ఆపడానికి రెండింతలు కాదు, నాలుగింతలు కష్టం.

కొండ దిగడంలో ఉన్న ప్రమాదం వేరు. అక్కడ వేగం తక్కువే గానీ, బరువు పై నుండి కిందికి దిగుతోంది. మనుషులు, సామానుతో కలిపి 1200 కిలోల కారు 800 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. ఆ పనినంతా బ్రేకులతోనే చేస్తే పుట్టే వేడితో, చిన్న లెక్క వేసి చూశాము, మామూలుగా ఉన్న 30 లీటర్ల నీళ్లు మరుగుతాయి. రెండు పెద్ద బిందెలు! అంత వేడి నాలుగు చక్రాల దగ్గర, ఎక్కువ భాగం ముందు రెండింటి దగ్గరే, మన అరచేయంత ప్యాడ్ల మధ్య పుడుతుంది. మధ్యమధ్య కాలు తీస్తే గాలి తగిలి చల్లారే వీలుంటుంది. మేము తీయలేదు. మెత్తగా నొక్కాము గనుక మంచిదనుకున్నాము గానీ, పొయ్యి మంట చిన్నదే అయినా ఆపకుండా మండితే గిన్నె మాడుతుంది కదా.

ఆ వేడి ప్యాడ్ల దగ్గర ఆగక బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. మన కాలి బలాన్ని చక్రం దాకా మోసేది ఈ ఆయిలే. ద్రవం నొక్కితే నలగదు గనుక ఇక్కడ తొక్కిన బలం అక్కడ కనిపిస్తుంది. ఇంట్లో సూది లేని సిరంజి ఉంటే పిల్లలకు చూపించండి. నిండా నీళ్లు పట్టి, మూతి వేలితో మూసి నొక్కితే కదలదు. సగం గాలి ఉంటే లోపలికి పోతుంది. బ్రేకు గొట్టంలో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే జరిగేది అదే. మన కాలు ఆవిరిని నలుపుతుంది, చక్రాన్ని పట్టదు. చల్లారగానే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, పెడల్ గట్టిపడుతుంది. అందుకే మరునాడు షాపుకు తీసుకువెళ్తే ఏ లోపమూ కనిపించదు, "మీరే కంగారు పడ్డారు" అంటారు.

మరి ఆయిల్ అంత త్వరగా ఎందుకు మరుగుతుంది? ఇక్కడే వయసు సంగతి వస్తుంది. మామూలు బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చే గుణం ఉంది. వానాకాలంలో మూత సరిగా పెట్టని ఉప్పు చూడండి, ఎలా నీరుగారుతుందో. అదే రీతిగా ఈ ఆయిల్, రబ్బరు గొట్టాలగుండా, డబ్బా మూతగుండా, నెలనెలా కొంచెం నీరు తాగుతుంది. సీసా మీద డాట్ 3, డాట్ 4 అని అంకె ఉంటుంది. ప్రమాణం ప్రకారం కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నూటికి 3.7 వంతుల నీరు చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు కొత్తలో 230, నీరు చేరాక 155. ఊరిలో బజారుకు వెళ్లి వచ్చే కారులో ఈ తేడా పదేళ్లయినా బయటపడకపోవచ్చు. కొండ మీదనే బయటపడుతుంది. అందుకే చాలా కార్ల కంపెనీలు తమ పుస్తకాల్లో రెండేళ్లకు ఒకసారి మార్చమని రాస్తాయి. బండి తిరిగినా, షెడ్డులో ఉన్నా, తేమకు లెక్కలేదు. ఖర్చు ఒక్క టైరు ఖరీదు కంటే తక్కువే.

ఇంకో రకం వైఫల్యం కూడా ఉంది, రెండూ కలిపి చెప్పుకుంటారు గానీ వేరు. ప్యాడ్లు మితిమీరి కాలితే వాటి పట్టు జారిపోతుంది. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా కారు ఆగదు. దానికీ ముందుగా వచ్చే గుర్తు ఆ కాలిన వాసనే. కాబట్టి ఘాట్‌లో వాసన వస్తే అడవిని అనుమానించకుండా మంచి చోటు చూసి బండి ఆపండి. అరగంట ఆలస్యమైతే కొంప మునగదు.

ఇప్పుడు ఉత్తరం రాసిన సోదరి ప్రశ్నకు వద్దాము.

న్యూట్రల్‌లో దిగితే కారును పట్టే పని పూర్తిగా బ్రేకుల మీద పడుతుంది, అనగా పైన చెప్పిన రెండు బిందెల లెక్క మొత్తం. గేరులో ఉంటే, యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే ఇంజనే చక్రాలను వెనక్కు పట్టుకుంటుంది. చిన్న గేరు అయితే ఆ పట్టు ఇంకా ఎక్కువ. ఆ పని వల్ల ఇంజనుకు హాని లేదు. అరుపు విని భయపడనక్కరలేదు, అయితే మీటరులో ఎర్ర గీత దాకా పోనీయకుండా చూసుకోవాలి.

పెట్రోలు సంగతి. ఇది విని ఆ సోదరుడు ఆశ్చర్యపోవచ్చు. కార్బొరేటరు ఉన్న పాత బండ్ల కాలంలో ఆయన లెక్కకు కొంత అర్థం ఉండేదేమో. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో, గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేసి కొండ దిగుతుంటే కంప్యూటరు పెట్రోలును ఆపేస్తుంది. చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండేందుకు పెట్రోలు పోయాల్సి వస్తుంది. కలిసివస్తుందనుకున్నది అటుపోయి ఇంకొంచెం ఖర్చవుతోందన్నమాట.

ఇంజను ఆపేయడం మరీ ప్రమాదం. మనం మెత్తగా తొక్కినా బ్రేకు గట్టిగా పట్టడానికి బూస్టర్ అనే సాయం ఉంటుంది. సామాన్యంగా అది ఇంజను నడిస్తేనే పనిచేస్తుంది. ఇంజను ఆగాక రెండు మూడు తొక్కుల వరకే దాని నిల్వ. తరువాత బ్రేకు ఉంటుంది గానీ, చాలా బలంగా తొక్కాల్సినంత గట్టిగా ఉంటుంది. స్టీరింగు కూడా బరువెక్కుతుంది. పాత తరహా తాళంచెవి బయటికి తీస్తే స్టీరింగు బిగిసిపోతుంది కూడా. మలుపులో అది జరిగితే ఏమవుతుందో వివరించము.

కాబట్టి దిగువ మొదలవక ముందే రెండో గేరు, అవసరమైతే మొదటిది వేయండి. వేగం పుంజుకున్నాక మార్చడం కష్టం. గేర్లు వాటంతటవే మారే కారైతే ఎల్ లేదా 2 అనే గుర్తులోకి, అవి లేకపోతే చేతితో గేర్లు మార్చే ఎం అనే స్థానంలోకి తెచ్చుకోవాలి. ఆ తరువాత కూడా వేగం పెరిగితే, బ్రేకు గట్టిగా నొక్కి వేగం బాగా తగ్గించి, కాలు పూర్తిగా తీసేయాలి. మళ్లీ పెరిగితే మళ్లీ అదే. మెత్తగా పట్టుకొని కూర్చోవద్దు. కొండదారి ఇరుకుగా ఉన్న చోట పైకి ఎక్కే బండికి దిగేవారే దారి ఇవ్వాలని మన రోడ్డు నిబంధనల్లోనే ఉంది. హారను కొట్టి వారిని ఆపించే అలవాటు మన వైపు చాలా ఉంది.

"మాది కొత్త కారు, ఏబీఎస్ ఉంది" అనే యువకులు ఉంటారు. 2019 ఏప్రిల్ నుండి మన దేశంలో తయారయ్యే కొత్త కార్లకు అది తప్పనిసరి, మంచిదే. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగిసి జారిపోకుండా, స్టీరింగు మన మాట వినేటట్లు అది చూస్తుంది. అది పనిచేసేటప్పుడు పెడల్ కాలికింద దడదడ కొట్టుకుంటుంది. పాడైందనుకొని కాలు తీయకండి, నొక్కే ఉంచండి. కానీ మరిగిన ఆయిల్‌ను ఏబీఎస్ ఏమీ చేయలేదు. దానికి కూడా చక్రం దాకా బలాన్ని మోసేది ఆ ఆయిలే.

ఇంటి దగ్గరే ఎవరైనా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. పొద్దున బండి స్టార్ట్ చేయక ముందు పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే నొక్కి పట్టుకొని అరనిమిషం ఉండండి. కాలు నెమ్మదిగా లోపలికి దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపల రబ్బర్లు అరిగాయి. దిగకపోతే, కాలు తీయకుండానే ఇంజను స్టార్ట్ చేయండి. అప్పుడు పెడల్ కొంచెం కిందికి జారాలి. జారితే బూస్టర్ క్షేమం. మా అమ్మాయి ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది, ఊరి ప్రయాణం రోజున ఈ పరీక్ష తనే చేస్తుంది.

డబ్బాలో ఆయిల్ మట్టం తగ్గితే పైన పోసి ఊరుకోవద్దు. ప్యాడ్లు అరిగినా తగ్గుతుంది, కారినా తగ్గుతుంది. ఏది కారణమో చూపించండి. హ్యాండ్ బ్రేకు దించినా ఎర్ర దీపం ఆరకపోతే అది ఈ మట్టం గురించే కావచ్చు. బ్రేకు వేసినప్పుడల్లా కీచుమని శబ్దం వస్తుంటే చాలా ప్యాడ్లలో అది కావాలని పెట్టిన హెచ్చరిక రేకు. ఆ శబ్దం ఆగి గరగర మొదలైతే ఇనుము ఇనుమును కోస్తోందని అర్థం. ఇంజను ఆయిల్‌ను మాత్రం ఆ డబ్బాలో ఒక్క చుక్క కూడా పోయనీయకండి, రబ్బర్లన్నీ ఉబ్బి పాడవుతాయి. మూత తీసి ఆరు నెలలు బీరువాలో ఉంచిన బ్రేక్ ఆయిల్ సీసా కూడా పనికిరాదు, అది అప్పటికే తేమ తాగేసి ఉంటుంది. వాన నీటిలో బండి లోతుగా దిగి వచ్చాక, నెమ్మదిగా పోతూ బ్రేకును రెండు మూడుసార్లు మెత్తగా నొక్కి ఆరబెట్టుకోవాలి. ఇంకొకటి, చాలా చిన్నది. డ్రైవరు కాళ్ల దగ్గర నీళ్ల సీసా పెట్టవద్దు. అది దొర్లి పెడల్ కిందికి పోతే పైన రాసినవేవీ అక్కరకు రావు. మా అత్తగారికి ఈ మాట చెప్పడానికి మాకు మూడు ప్రయాణాలు పట్టింది.

అమ్మా, మీ వారితో వాదించవద్దు. మేమూ వాదనతో మారిన వాళ్లం కాదు. ఈసారి సర్వీసుకు వెళ్లేటప్పుడు మీరు కూడా వెళ్లి, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీయించి చూడండి. ఏ రంగులో ఉందో ఆయనకు చూపించండి. కొత్తది పోయించి, గొట్టాల్లో గాలి తీయించి, ఆ తేదీని ఒక స్టిక్కరు మీద రాసి డబ్బా పక్కనే అంటించండి. మా బండికి అంటించిన స్టిక్కరు మీద మా ఇంటివారి చేతిరాతలో నాలుగు సంవత్సరాలు ఉన్నాయి: 2018, 2020, 2022, 2024.